గోడ మీది నల్ల ముఖాలు

పోయిన నెల కరీంనగర్‌లో మా తమ్ముడి మనవరాలు చదివే బడివాళ్లు నన్ను పిలిచారు. ముప్పై ఏళ్లకు పైగా చిన్న తరగతులకు పాఠాలు చెప్పిన మనిషిని కదా, పిల్లల బొమ్మల ప్రదర్శన ఉంది, ముఖ్య అతిథిగా రావాలన్నారు. 'దేశదేశాల కళలు' అని గుమ్మానికి బ్యానరు కట్టారు. లోపల ఒక బల్ల మీద ఆఫ్రికా ముసుగులు, ఒక బల్ల మీద జపాను విసనకర్రలు, ఇంకో బల్ల మీద మన ఆదిలాబాద్ గోండుల బొమ్మలు. దూరం నుంచి చూస్తే కళ్లు చెదిరాయి. దగ్గరికి పోయి చూస్తే ఉసూరుమంది. నలభై ముసుగులూ ఒకటే ముసుగు. నలభై విసనకర్రలూ ఒకటే విసనకర్ర. కంప్యూటర్లోంచి తీసిన గీతల బొమ్మకు నలభై కాపీలు చేసి పంచితే, పిల్లలు గీత దాటకుండా రంగులు నింపారు. గోండు బొమ్మల దగ్గర నిలబడ్డ ఒక ఎనిమిదేళ్ల పాపను "మీ ఇంట్ల గోడల మీద ఏం గీస్తరు బిడ్డా?" అని అడిగాను. ఆ పాప, "గోడల మీద ఏం గీయద్దు. మమ్మీ కొడ్తది" అంది.

చివర్లో మైకు నా చేతికిచ్చారు. చెప్పాలనుకున్నది గొంతు దాకా వచ్చింది. ఎదురుగా తల్లిదండ్రులు ఫోన్లు పైకెత్తి పట్టుకుని ఉన్నారు, పక్కన ప్రిన్సిపాల్ నవ్వుతూ నిలబడి ఉంది, మా తమ్ముడి మనవరాలు ముందు వరుసలో కూర్చుని చేయి ఊపుతోంది. "పిల్లలందరూ చాలా చక్కగా వేశారు" అని రెండు ముక్కలు చెప్పి దిగాను. శాలువా కప్పారు. ఇంటికొచ్చాక మా మరదలు "ఏమైంది వదినె, మొఖం గట్ల పెట్టినవ్" అని అడిగింది. ఏం లేదన్నాను. నాలుగు రోజులు అన్నం సహించలేదు. మొదట ఆ చిరాకంతా ఆ బడి మీదనే అనుకున్నాను. కాదు, అది చాలా పాతది. అప్పటికి నాకు తొమ్మిదేళ్లు కూడా నిండలేదు.

అప్పుడు మేము మంచిర్యాల అవతల బొగ్గు బావుల కాలనీలో ఉండేవాళ్లం. నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలిచేవాళ్లం. బాపుది కరీంనగర్ దిక్కు పల్లె. ఎవుసం సాగక గోదావరి దాటి వచ్చి బావిలో తట్టా చెమ్మస్ పనికి కుదిరాడు. బొగ్గును చెమ్మసుతో, అంటే పారతో, తట్టకెత్తి, ఆ తట్టను మోసుకుపోయి పట్టాల మీది టబ్బులో గుమ్మరించే పని. పొద్దున సైరన్ మోగకముందే అవ్వ వాకిట్లో బొగ్గుల పొయ్యి రాజేసేది. మా లైనులో ఇరవై ఇండ్లు, ఇరవై పొయ్యిలు; ఒకేసారి లేచిన పొగ పెంకుల మీద బరువుగా పరుచుకుని ఎంతకూ కదిలేది కాదు. ఆ పొగ వాసన మా బట్టల్లో, మా జుట్టులో, చివరికి ఉడికిన పప్పులో కూడా ఉండేది. పండుగకు ఊరికి పోతే మా నాయనమ్మ నన్ను దగ్గరికి తీసుకుని వాసన చూసి "బొగ్గు పిల్ల వచ్చింది" అని నవ్వేది. మధ్యాహ్నం దాటాక బాపు డ్యూటీ దిగి వచ్చేవాడు. కళ్లలో తెలుపు, పళ్లలో తెలుపు తప్ప మనిషంతా నలుపే. స్నానం అయ్యేదాకా మమ్మల్ని తాకనిచ్చేవాడు కాదు. అవ్వ కాగులోంచి వేన్నీళ్లు తోడి పోస్తుంటే, నేను గడప మీద కూర్చుని ఆ నల్లటి నీళ్లు మోరీలోకి పారడం చూసేదాన్ని. నీళ్లలోంచి మెల్లమెల్లగా మా బాపు బయటపడేవాడు. ఎంత రుద్దినా కంటి రెప్పల అంచున మాత్రం సన్నటి నలుపు మిగిలిపోయేది, ఎవరో కాటుక పెట్టినట్టు. నిజం చెప్పాలంటే నాకు కడగక ముందరి ముఖమే ఎక్కువ ఇష్టం. అలసిపోయి, ఆకలితో, నన్ను చూడగానే పళ్లన్నీ కనబడేలా నవ్వే ముఖం.

మా బడి మూడు గదుల పెంకుటిల్లు. అందులో రకరకాల ఇండ్ల పిల్లలం. గోరఖ్‌పూర్ దిక్కు నుంచి పనికి వచ్చినవాళ్ల పిల్లలు, మద్రాసు వైపు నుంచి వచ్చిన గుమాస్తా కూతురు, హైదరాబాదు నుంచి వచ్చిన మేస్త్రీ బిడ్డ రఫియా, మాలాంటి కరీంనగర్ పల్లెలవాళ్లు, కాలనీ అవతలి గుడిసెల నుంచి వచ్చే ఇద్దరు ముగ్గురు గోండు పిల్లలు. ఆటల్లో అందరం కలిసేవాళ్లం గాని, తరగతిలో కూర్చుంటే ఎవరి గుంపు వారిదే. నాలుగో తరగతికి ఆ ఏడు విఠల్ సార్ వచ్చాడు. భైంసా పక్క మనిషి, పాతికేళ్లు కూడా ఉండవు, సన్నగా, కొంచెం వంగి నడిచేవాడు. ఆయన తెలుగులో మరాఠీ కలిసేది. టెంపరరీ నౌకరి అని పెద్దవాళ్లు అనుకుంటుంటే విన్నాం గాని, దాని అర్థం మాకు తెలియదు.

మొదటి శనివారమే సార్ డ్రాయింగు పుస్తకాలను బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఆ పుస్తకంలో ఏముంటుందో అందరికీ తెలుసు: మామిడిపండు, కుండ, తామర పువ్వు, కొమ్మ మీద చిలుక. "గివి మీరు మస్తుసార్లు గీసిండ్రు" అన్నాడు. "ఇగ శనివారానికి ఒక ఇంటిది. మీ ఇంట్ల పండుగకు ఏం చేస్తరో, గోడకు ఏం గీస్తరో, మీకు ఏది ఇష్టమో, గది చేద్దాం." ముందు తన ఇంటిదే మొదలుపెట్టాడు. వాళ్ల దిక్కు పొలాల అమావాస్యకు మట్టి ఎడ్లు చేసి పూజిస్తారట. చెరువు మట్టి తెప్పించి అందరి చేత ఎడ్లు చేయించాడు. నా ఎద్దుకు కాళ్లు నిలవక పడుకున్న ఎద్దుగా మారింది. "అది పని చేసి అలిసిపోయింది" అన్నాడు సార్. మరో శనివారం రఫియా పీర్ల పండుగకు ఊరేగించే తాజియాను పతంగుల కాగితంతో చేయడం చూపించింది. గుమాస్తా కూతురు చుక్కలు పెట్టి, చుక్కలను తాకకుండా వాటి చుట్టూ తిరిగే ముగ్గు వేసింది. నేను ఇంటికొచ్చి మా అవ్వకు చూపిస్తే ఆమె రెండు రోజులు నేర్చుకుంది. ఆ శనివారాల కోసం జ్వరం వచ్చినా బడికి పోయేవాళ్లం.

దసరా సెలవుల తరువాత సార్ ఇంకో ఆలోచన చేశాడు. మా గదిలో వెనక గోడ పొడుగ్గా, ఖాళీగా ఉండేది. దాన్ని మా చేతనే ఎర్రమన్నుతో అలికించి, మనిషికి ఒక మూర చొప్పున గీతలు గీసి పంచాడు. "ఈ ముక్క నీది. నీకు ఇష్టమైంది గీయి. ఎవ్వలు అడ్డం రారు" అన్నాడు. రంగులు కొనే పని లేదు. సున్నం, పసుపు, బట్టలకు వేసే నీలిమందు, చిక్కుడాకు పసరు, బొగ్గు పొడి. వాటిలో చింతగింజల గంజి కలిపితే గోడకు పట్టుకుంటుందని సార్ చూపించాడు. ఈత బరిగెల కొసలు నమిలితే కుంచెలు.

నా పక్క ముక్క సోంబాయిది. గోండు పిల్ల. వాళ్ల నాయన బావిలో పైకప్పు కూలకుండా కట్టెలు నిలబెట్టే పని చేసేవాడు. మూడో తరగతి అంతా ఆ పిల్ల నోరు విప్పలేదు. మందబుద్ధి అని పాత పంతులు వెనక కూర్చోబెట్టాడు. విఠల్ సార్ వచ్చిన వారంలో ఎందుకో మరాఠీలో ఏదో అడిగితే టకటకా జవాబు చెప్పింది. ఇంట్లో గోండి, బజారులో మరాఠీ, ఆ పిల్లకు రానిది మా తెలుగు ఒక్కటేనని అప్పుడు తెలిసింది. ఆ తరువాత నా పక్కన కూర్చుని తెలుగు నేర్చుకుంది. తన గోడ ముక్క మీద సోంబాయి గుస్సాడిని గీసింది. దీపావళికి వాళ్ల ఊళ్లలో దండారి ఆడేటప్పుడు నెత్తికి పెద్ద నెమలి ఈకల కిరీటం పెట్టుకుని, ఒంటికి బూడిద, ముఖానికి మసి పూసుకుని ఆడే మనిషి. ఈకల కిరీటం గోడ మీద పొద్దుపొడుపులా విచ్చుకుంది. ఒక్కో ఈకకు పసరు, పసుపు, నీలిమందు. కింద ఒళ్లంతా తెల్ల చుక్కలు. ముఖం మాత్రం పూర్తిగా నలుపు. కళ్లు లేవు, ముక్కు లేదు. "మసి పూసుకుంటే ఎవరో గుర్తు పట్టరాదు. కాని గిది మా కాక" అని వాళ్ల బాబాయి గురించి నాకు మెల్లగా చెప్పింది.

అది చూశాక నాకు ధైర్యం వచ్చింది. బావి నుంచి వచ్చే మా బాపును గీయాలని నా కోరిక. బొగ్గు పొడితో ముఖం నింపాను, సున్నంతో కళ్లు, పళ్లు పెట్టాను. ఇంటికి పోయి సంబరంగా చెప్తే అవ్వ చేతిలో గరిటె ఆగిపోయింది. "బతికున్న మనిషిని గోడకెక్కిస్తరానే?" అంది. మా లైనులో గోడకెక్కిన మనుషులు ముగ్గురున్నారు. ముగ్గురూ బావిలోంచి తిరిగి రానివాళ్లు. వాళ్ల ఫోటోలకు దండలుండేవి. బాపు మాత్రం నవ్వి, "గీయనియ్యే. జర తెల్లగ గీయి బిడ్డా, మీ అవ్వకు ఫికర్ ఉండది" అన్నాడు. అవ్వ ఆ పూట అన్నం తినలేదు. మర్నాడు పొద్దున్నే పోయి మా బాపును నేనే చెరిపేశాను. ఆ స్థానంలో పుస్తకంలోని చిలుకను వేశాను. ఎవరూ చెరపమనలేదు. సార్ చూసి "ఎందుకు బిడ్డా?" అన్నాడు. అవ్వ భయపడుతుందని చెప్పాను. ఆయన తల ఊపి, పక్క ముక్క దగ్గరికి పోయాడు. అవ్వ భయంలో న్యాయం ఉంది, దాన్ని నేను తప్పు పట్టను. కాని నా చేతికి చెరపడం అంత తేలిగ్గా ఎలా వచ్చిందా అని ఇప్పటికీ చిరాకు.

గోడ పూర్తయ్యే రోజుల్లోనే ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడని తెలిసింది. మా హెడ్మాస్టరును పెద్దసార్ అనేవాళ్లం. ఆయన చెడ్డవాడు కాదు. బడికి ఇంకో ఇద్దరు పంతుళ్లు కావాలని ఏడాది నుంచి కాగితాలు పెడుతున్నాడు. అది ఇన్‌స్పెక్టర్ చేతిలో ఉంది. శనివారం మధ్యాహ్నం ఆయన మా గదిలోకి వచ్చి గోడంతా ఈ కొస నుంచి ఆ కొసకు చూశాడు. నా చిలుక దగ్గర ఆగి, "ఇది ఎవలు గీసిండ్రు? మంచిగున్నది" అన్నాడు. నా ఛాతీ ఉబ్బింది. సోంబాయి బొమ్మ దగ్గర ఆయన కనుబొమలు ముడిపడ్డాయి.

"విఠల్ సార్, ఇది బడి. జాతర కాదు. గీ మసి మొఖం చూసి ఇన్‌స్పెక్టర్ సాబ్ ఏమనుకుంటడు? కంపెనీ పెద్దలు గిట్ల వస్తే ఏమనుకుంటరు?"

"సార్, అది వాళ్ల ఇంటిది. ఆ పోరి..." అని విఠల్ సార్ మొదలుపెట్టాడు.

"నేను పరేషాన్‌ల ఉన్న. మీ నౌకరి కూడ పక్కా కావాలె గద," అన్నాడు పెద్దసార్, గట్టిగా కాదు, మామూలుగానే. ఆ తరువాత నా వైపు తిరిగి వాచకం తెరిచి నెమలి బొమ్మ చూపించాడు. "ఈకలు ఉండనే ఉన్నయి. గా మనిషిని తీసేసి నెమలిని చెయ్యి. నీ చెయ్యి మంచిగ తిరుగుతది."

నేను సార్ వైపు చూశాను. సార్ తలుపు దగ్గర సుద్దముక్క పట్టుకుని నిలబడి ఉన్నాడు. నా వైపు చూడలేదు. నేను కొబ్బరిపీచు తడిపి నల్ల ముఖాన్ని గీకాను. గంజి బాగా పట్టుకుని ఉండడంతో అది తొందరగా పోలేదు. గట్టిగా రుద్దాల్సి వచ్చింది. సున్నం పూసి, దాని మీద నీలి మెడ, ముక్కు, గుండ్రటి కన్ను పెట్టాను. చక్కగా వచ్చింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. చేస్తున్నంతసేపూ నాకు ఆనందంగానే ఉందని ఒప్పుకోవాలి. చెయ్యి తిరుగుతుందన్న మాట నా చెవుల్లో మోగుతోంది. అయిపోయి వెనక్కి తిరిగితే సోంబాయి నిలబడి ఉంది.

"మా కాకను ఏం చేసినవ్?" అంది.

"పెద్దసార్ చెప్పిండు" అన్నాను.

ఆ పిల్ల ఏడవలేదు. తన పలక తీసుకుని, బడి విడవకముందే వెళ్లిపోయింది. సోమవారం ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. ఆయన కోసం పెద్దసార్ గదిలోని మంచి కుర్చీని మా గదికి మోయించి, వెలుతురు పడుతుందని సరిగ్గా ఆ గోడకే వేశారు. ఇన్‌స్పెక్టర్ వచ్చి ఆ కుర్చీలో గోడకు వీపు పెట్టి కూర్చున్నాడు. ఎక్కాలు అడిగాడు, హాజరు పట్టీ చూశాడు, నాలుగో తరగతిలో ఆడపిల్లల హాజరు తక్కువగా ఉందన్నాడు. చాయ్ తాగాడు. లేచి పోయేటప్పుడు కూడా తల తిప్పలేదు. నేను నా నెమలిని చూస్తాడేమోనని లోపల లోపల ఎదురుచూస్తూనే ఉన్నాను. ఎవరి కోసం అదంతా చేశామో ఆ మనిషి దాన్ని చూడనే లేదు. ఇద్దరు పంతుళ్లూ రాలేదు.

సోంబాయి మళ్లీ బడికి రాలేదు. సార్ రెండు సార్లు వాళ్ల గుడిసెకు పోయాడని తెలుసు. నేను కూడా ఒకసారి బయలుదేరి, గుడిసెలు కనబడే దాకా పోయి, ఏం చెప్పాలో తెలియక తిరిగి వచ్చాను. సార్ శనివారాలు ఆగిపోయాయి. బీరువా తాళం తీసి డ్రాయింగు పుస్తకాలు మళ్లీ పంచాడు. ఆయన మామిడిపండును బోర్డు మీద గీస్తుంటే మేము చూసి గీసేవాళ్లం. ఏడాది చివర ఆయన నౌకరి పక్కా అయిందో లేదో తెలియదు గాని, బదిలీ మీద పోయాడు. వేసవి సెలవుల్లో బడికి సున్నం కొట్టారు. గోడ మొత్తం తెల్లగా అయిపోయింది. ఎడ్లు, తాజియాలు, ముగ్గు, నా చిలుక, నా నెమలి, అన్నీ.

ఆ తరువాత నేనూ పంతులమ్మనయ్యాను. లోకం మారితే పిల్లలకు గోడలిస్తానని అనుకునేదాన్ని. కొత్తగా చేరినప్పుడు ఒక బడిలో మొదలుపెట్టాను కూడా. సిలబస్ కాలేదని హెడ్మాస్టర్ కసురుకున్నాడు, మానేశాను. ఇంకో చోట సర్పంచి గోడ పాడైందన్నాడు, మానేశాను. ఆ తరువాత ఎవరూ ఏమీ అనకముందే మానేయడం అలవాటైంది. నా ఉద్యోగమంతా మామిడిపండు, కుండ, తామర పువ్వు. కరీంనగర్ బడి పిల్లల ముందు కనీసం ఆఫ్రికా, జపాను అన్న పేర్లయినా పెట్టారు. నేను అదీ పెట్టలేదు. మా రోజుల్లో పేదరికం ఉంది, కుంచెలు లేవు, కాగితం లేదు, అయినా నాలుగు నెలల పాటు 'నీకు ఏది ఇష్టం' అని అడిగిన మనిషి ఒకడున్నాడు. ఇప్పుడు ఆ పిల్లలకు రంగుల పెట్టెలు, మెరిసే కాగితాలు అన్నీ ఉన్నాయి, ఆ ఒక్క ప్రశ్న లేదు. అప్పుడే నయం అందామంటే ఆ ప్రశ్నను మేమేం చేశామో నాకు తెలుసు. ఇప్పుడే నయం అనడానికి నోరు రాదు. ఏ వైపు తూచినా నా చిరాకు తగ్గదు.

ఉద్యోగంలో చేరడానికి కొంచెం ముందు, ఆదిలాబాద్‌లో ట్రైనింగు అవుతున్న రోజుల్లో, సెలవులకు ఇంటికి వస్తూ మంచిర్యాల బస్‌స్టాండులో సోంబాయిని చూశాను. చంకలో ఏడాది పిల్ల. నేను గుర్తు పట్టలేదు, తనే నా పేరు పెట్టి పిలిచింది. తెలుగు ఇప్పుడు నాకన్నా జోరుగా మాట్లాడుతోంది. మొగుడు అడవి పనికి పోతాడని, తను కూలికి పోతానని చెప్పింది. ఆ మాటా ఈ మాటా అయ్యాక నేను పదేళ్లుగా మోస్తున్నది బయటపెట్టాను.

"నేను నీ బొమ్మను చెరిపిన. తప్పు చేసిన సోంబాయి. గందుకే నువ్వు బడి మానేసినవ్."

ఆమె నన్ను అర్థం కానట్టు చూసింది.

"నీ మీద కోపం ఎందుకు? నువ్వు చిన్నపిల్లవు. పెద్దసార్ చెప్తే కాదంటవా?" అంది. "మా ఇంటికి విఠల్ సార్ వచ్చిండు. మా బాపు అడిగిండు, 'సార్, గోడ నీదే అని పోరికి నువ్వే చెప్తివి. నీ ముంగటనే చెరుపుతుంటే ఒక్క మాటన్న ఎందుకు అనకపోతివి' అని. సార్ కింద చూసుకుంట కూసున్నడు. ఏం చెప్పలే. చెప్తే నన్ను మళ్ల బడికి తోలుతుండే మా బాపు. రెండోసారి వచ్చినప్పుడు కూడ అట్లనే కూసుండి పోయిండు. పాపం, మంచి మనిషే."

నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. ఆమె నన్ను క్షమించలేదు కూడా. నాలో క్షమించాల్సిందేదీ ఆమెకు కనబడలేదు. చంకలోని పిల్ల బుగ్గ తట్టాను. ఇంతలో ఆమె బస్సు వచ్చింది. జనం తోసుకుంటుంటే పిల్లను భుజం మీదికి జరుపుకుని, మెట్టు మీద కాలు పెట్టి, వెనక్కి తిరిగింది.

"నువ్వు పంతులమ్మవు అయితున్నవు గద. నీ ముంగట ఎవలన్న గట్ల చేస్తే, నువ్వన్న మాట్లాడు," అంది.

మాట్లాడతానన్నాను.